హర్షరేఖల రిజిస్టరు

నీలవేణి గోంగూర కట్ట విప్పి ఆకు తుంచుతోంది. ఎదురుగా పీట మీద తల్లి రాజ్యం కూడా అదే పనిలో ఉంది. ఆవిడ రెండు కట్టలు ముగించేసరికి కూతురు ఇంకా సగం కట్ట దగ్గరే ఉంది. పిల్ల చూపంతా హాల్లో ఉన్న కంప్యూటరు మీదుంది. అది పొద్దుటి నుంచి నాలుగోసారి ఆరిపోయి, మళ్ళీ మొదటి నుంచి లేస్తోంది.

"మళ్ళీ పోయిందా?" అంది రాజ్యం.

"మళ్ళీ అక్కడే," అంది నీలవేణి.

అక్కడే అంటే మూడో ద్వారం దగ్గర. ఆట పేరు ధూమదుర్గం. కొండ మీద కోట, కోటకి నాలుగు ద్వారాలు. అన్నీ దాటి పైన జెండా ఎగరెయ్యాలి. మూడో ద్వారం తెరుచుకోగానే తెల్లటి పొగ కమ్ముకుంటుంది. ఆ పొగ తెరంతా నిండీ నిండగానే తెర నల్లబడి, లోపల ఫ్యాను రయ్యిమని తిరిగి, గ్రాఫిక్స్ డ్రైవరు స్పందించడం మానేసిందని ఒక చిన్న వాక్యం వస్తుంది. ఆ తరవాత ఆటా ఉండదు, కోటా ఉండదు.

మూడో తారీకు నుంచీ ఇదే వరస. నీలవేణి ఊరికే కూర్చోలేదు. పెట్టె వేడెక్కుతోందేమోనని చూసింది, వేడి లేదు. దుమ్ము ఊదింది, వైరు మార్చింది, బొమ్మ నాణ్యత తగ్గించి ఆడింది. మిగతా ఆటలన్నీ నిక్షేపంలా నడిచాయి. ఇదే గ్రాఫిక్స్ కార్డు వాడుతున్నవాళ్ళు నెట్లో ఏం రాసుకుంటున్నారో ఓపిగ్గా చదివితే అప్పుడు తేలింది. మూడో తారీకున డ్రైవరు తనంతట తాను కొత్తదిగా మారిపోయింది. ఆ కొత్తదానికి పొగ పడదు. దాన్ని తీసేసి పాతది పెట్టుకుంటే సరిపోతుంది. పది నిమిషాల పని.

"డ్రైవరంటే ఏంటే?" అని అడిగింది రాజ్యం.

ఆట అడిగిన బొమ్మని కార్డుకి అర్థమయ్యేలా చెప్పే చిన్న ప్రోగ్రామని కూతురు చెప్పింది. కొత్త కోడలు వచ్చినప్పటి నుంచీ ఇంట్లో ఒకరి మాట ఒకరికి తెలీనట్టుందన్నమాట అని రాజ్యం తన లెక్కలో తాను సర్దుకుంది. అయితే పాతదాన్నే పెట్టెయ్యమంది.

పెట్టడానికి లేదు. పెట్టె మీద ఆకుపచ్చ కాగితం అంటించి ఉంది. ఆ కంప్యూటరు నీలవేణిది కాదు, రాష్ట్ర ఈ-క్రీడల మండలిది. పొరుగు రాష్ట్రం పిల్ల ఎవరో కంప్యూటరు ఆటలో పతకం గెలిచిందని పేపర్లో పడ్డ మర్నాడు పుట్టింది ఆ మండలి. వారం తిరక్కుండా "ఇంటింటా విజేత" అని పథకం పెట్టి, జిల్లాకి పదహారు మందిని ఏరి, తలా ఒక్కో రకం కంప్యూటరు ఇచ్చింది. మొలకలంక ఊరు మొత్తానికీ ఎంపికైంది నీలవేణి ఒక్కతే. ఈ నెల ఇరవై ఎనిమిదిన సాయంత్రం నాలుగింటికి ఆ పదహారు మందికీ పోటీ. ఎవరి ఇంట్లో వాళ్ళు, ఎవరికిచ్చిన యంత్రం మీద వాళ్ళు ఆడాలి. మొదటి నలుగురికీ రాజధానిలో రెండేళ్ళ శిక్షణ, హాస్టలు. మిగిలినవాళ్ళ యంత్రాలు వెనక్కి పోతాయి. యంత్రం వెనక్కి పోతే నీలవేణి రొయ్యల షెడ్డుకి పోతుంది. ఇంటరు అయినప్పటి నుంచీ మేస్త్రి కబురు పెడుతూనే ఉన్నాడు.

ఆకుపచ్చ కాగితం మీద పద్నాలుగో నిబంధన ఉంది. అధీకృత అధికారి లోపాన్ని కళ్ళారా చూసి ధ్రువీకరించే వరకూ యంత్రంలో ఏ మార్పూ చెయ్యకూడదు. చేస్తే మండలికి ఆ క్షణమే తెలిసిపోతుంది, పేరు కొట్టేస్తారు. అందుకని నీలవేణి నాలుగో తారీకున ఫిర్యాదు పెట్టింది. గోంగూర మిగిలిన కట్టలు కూడా తుంచింది.

ఆరో తారీకున మండలి సహాయ సంచాలకులు అవధానుల విశ్వపతి గారు జీపులో దిగారు. యాభై దాటిన మనిషి, ఇస్త్రీ చొక్కా, ముఖం కూడా ఇస్త్రీ చేసినట్టే ఉంటుంది. వెనకే సూపరింటెండెంటు మాణిక్యాంబ గారు, చంకలో రిజిస్టరుతో. విశ్వపతి గారు కంప్యూటరు ముందు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి తెరని చాలాసేపు చూశారు. తెర మీద మండలి ముద్ర నిశ్చలంగా ఉంది.

"యంత్రము చైతన్యవంతముగానే ఉన్నది కదా," అన్నారు.

ఆట ఆడితేనే పోతుందని నీలవేణి చెప్పింది. ఆడి చూపిస్తానంది. ఆయన చెయ్యి అడ్డం పెట్టారు. ఫిర్యాదుదారు చేత్తో వచ్చిన లోపం లోపం కింద లెక్కకి రాదట. ఆవిడే కావాలని తెప్పించి ఉండొచ్చు కదా. లోపం అధికారి చేతుల మీదుగానే రావాలి. అయితే మీరే ఆడండి అంది రాజ్యం గుమ్మంలోంచి. అదీ కుదరదన్నారు. ప్రభుత్వోద్యోగి పని వేళల్లో ఆటలాడడం క్రమశిక్షణ ఉల్లంఘన.

"ఆట ఆడకుండా ఆ లోపాన్ని చూపించగలవా అమ్మాయ్?"

నీలవేణి కాసేపు ఆలోచించి, చూపించలేనంది. ఆ మాటే మాణిక్యాంబ గారు రాసుకున్నారు. జీపు వెళ్ళిపోయింది.

పదో తారీకున పైనుంచి ఉత్తర్వు దిగింది. ద్విసభ్య పరిశీలక సంఘం ఏర్పాటైంది. అధ్యక్షులు విశ్వపతి గారు. సభ్యురాలు, రికార్డు బాధ్యురాలు మాణిక్యాంబ గారు. ఉత్తర్వుని విశ్వపతి గారు హాల్లో నిలబడి చదివి వినిపించారు.

"విధి నిర్వహణలో భాగముగా క్రీడ ఆడుటకు సహాయ సంచాలకులకు ఇందుమూలముగా అనుమతి నొసగడమైనది. అయితే సదరు క్రీడ వలన అధికారి ఎట్టి ఆనందమునూ పొందరాదు. క్రీడా సమయమున అధికారి ముఖమున హర్షరేఖలు గోచరించినచో, ఒక్కొక్క పర్యాయమునకు అర్ధదినము చొప్పున వారి సాధారణ సెలవునందు తగ్గించవలెను."

విశ్వపతి గారికి ఆ ఏడాదికి ఆరు రోజుల సెలవు మిగిలి ఉంది. అంటే పన్నెండు నవ్వులు. ఆయన ఆ లెక్క విని ముఖం కూడా చిట్లించలేదు. ముప్ఫై ఏళ్ళ సర్వీసులో తాను ఆఫీసులో నవ్వింది లేదని గర్వంగా చెప్పారు. మాణిక్యాంబ గారు రిజిస్టరులో ఎర్ర సిరాతో గళ్ళు గీసి, ముందే ఒక కొలమానం పెట్టుకున్నారు. పెదవి కదిలితే సహజ స్పందన. పన్ను కనిపిస్తే హర్షం.

పదకొండు నుంచి నీలవేణి ఇల్లు ఆఫీసైపోయింది. గుమ్మం మీద "తాత్కాలిక పరిశీలక కార్యాలయం" అని బోర్డు వేలాడదీశారు. కంప్యూటరున్న మూలకి నాలుగు కుర్చీలు అడ్డంపెట్టి తాడు కట్టారు. బియ్యం డబ్బా ఆ తాడుకి లోపల పడింది. అది మొదలు రాజ్యం అన్నం వండాలంటే సందర్శకుల పుస్తకంలో సంతకం పెట్టి, ప్రయోజనం అన్న చోట "బియ్యం" అని రాసి లోపలికి వెళ్ళాలి. రెండో రోజు సోలెడు తక్కువ తీసుకొచ్చానని ఆవిడ మళ్ళీ వెళ్ళబోతే, ఒక పూటకి ఒక ప్రవేశమే అన్నారు విశ్వపతి గారు. ఆ పూట ముగ్గురూ కాస్త తక్కువే తిన్నారు. ముగ్గురంటే రాజ్యం, నీలవేణి, కిటికీ దగ్గర కూర్చునే పిల్లి. అధికారులు ఫిర్యాదుదారు ఇంట్లో పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టరు, నిబంధన.

ఇక ఆట. విశ్వపతి గారు మౌసుని రబ్బరు స్టాంపు పట్టుకున్నట్టు పట్టుకుని, ముద్ర వేసినట్టు ఒత్తేవారు. మొదటి ద్వారానికి ముందు కందకం ఉంది. దాన్ని దూకాలి. మొదటి రోజు ఆయన అందులో ముప్ఫై ఒక్కసార్లు పడ్డారు. మాణిక్యాంబ గారు ప్రతిసారీ టైము చూసి రాశారు. "పదకొండు గంటల పది నిమిషములకు అధికారి కందకమున పడిరి. పదకొండు గంటల పన్నెండు నిమిషములకు అధికారి కందకమున పడిరి."

ఇలాగైతే మూడో ద్వారం దాకా రావడానికి ఈ మనిషికి రిటైర్మెంటు దాకా ఉన్న కాలం సరిపోదని నీలవేణికి అర్థమైంది. లోపం ఉన్నది మూడో ద్వారం దగ్గర. అక్కడిదాకా ఆయన చెయ్యి రావాలి. రావాలంటే ఆయనకి ఆట రావాలి. తన పోటీ కోసం తాను సాధన చెయ్యాల్సిన రోజుల్లో ఆ పిల్ల ఒక సహాయ సంచాలకుడికి కందకం దూకడం నేర్పింది. కుర్చీ వెనక నిలబడి, గొంతు పెంచకుండా, "ఇప్పుడు సార్... ఇంకొంచెం ఆగి సార్..." అంటూ. సాయంత్రం ఐదుకి వాళ్ళు వెళ్ళాక తాను కూర్చుని మూడో ద్వారం దాకా ఆడి, పొగ ముందు ఆపేసేది.

పద్నాలుగున ఆయన కందకం దూకారు. ఒక పన్ను కనిపించింది. "ఒకటి," అన్నారు మాణిక్యాంబ గారు, రాసుకుంటూ. పదిహేడున రెండో ద్వారం కాపలావాణ్ణి పడగొట్టారు. అప్పుడు నాలుగు పళ్ళు కనిపించాయి గానీ పళ్ళని బట్టి పెంచమని ఉత్తర్వులో లేదు కాబట్టి ఒకటే రాశారు. ఇరవయ్యో తారీకున, సాయంత్రం నాలుగూ యాభై ఎనిమిదికి, విశ్వపతి గారు మూడో ద్వారం ముందుకొచ్చారు. నీలవేణి కుర్చీ వెనక నుంచి ముందుకు వంగింది. తలుపు కిర్రుమంది. అంతలో గోడ గడియారం ఐదు కొట్టింది. ఆయన మౌసు వదిలేసి, కళ్ళజోడు తుడుచుకుని లేచారు.

"ఒక్క అడుగు సార్," అంది నీలవేణి.

"పని వేళలు ముగిసినవి. ఇక మీదట ఆడినచో అది ఆటే అవుతుంది అమ్మాయ్," అన్నారాయన.

మర్నాడు ఆయన పొద్దున్నే చేరుకున్నారు, కానీ ద్వారం వైపు వెళ్ళలేదు. దాని ముందున్న ఆవరణలో ఎడమపక్క ఒక గుర్రపుసాల ఉంది. నీలవేణి ఎప్పుడూ దాని వంక చూసేది కాదు, అందులో పాయింట్లు లేవు. విశ్వపతి గారు అందులోకి వెళ్ళారు. ఒక గుర్రానికి గడ్డి వేశారు. అది ఆయన వెనకే నడిచి వచ్చింది. ఆయన ఆగితే ఆగింది. ఆయన ముఖంలో ఇస్త్రీ చెదిరింది.

"అయిదు," అన్నారు మాణిక్యాంబ గారు.

ఇరవై మూడుకల్లా ఏడు గుర్రాలు మచ్చికయ్యాయి. ప్రతిదానికీ ఆయన ఒక పేరు పెట్టారు. రోజూ పదిన్నరకి రావడం, ఆవరణలో ఏడు గుర్రాలనీ వెంటేసుకుని తిరగడం, మధ్యాహ్నం తన కారియర్ విప్పుకుని తినడం, మళ్ళీ తిరగడం. ద్వారం జోలికే పోరు. ఐదింటికి రిపోర్టులో "ఆవరణ సమగ్ర పరిశీలనలో ఉన్నది. లోపము ఇంకనూ గోచరించలేదు" అని సంతకం పెట్టేవారు. లోపం గోచరించిన రోజు విచారణ ముగుస్తుంది, తాను మళ్ళీ జిల్లా కేంద్రంలో ఫైళ్ళ బీరువాల మధ్యకి పోవాలి. నీలవేణి ఆయన ముఖాన్ని చూస్తూ చూస్తూ ఈ సంగతి కనిపెట్టింది. కోపం రావాల్సింది గానీ పూర్తిగా రాలేదు. బీరువాల్లో గుర్రాలుండవు కదా అనిపించింది.

అయినా ఇరవై ఆరున నోరు విప్పింది. పోటీ ఎల్లుండే, పొగలోకి ఒక్కసారి వెళ్ళి చూడమని బతిమాలింది.

"తొందరపాటు పరిశీలన పరిశీలన కాదు. ఆవరణను పరిశీలించక ద్వారమును పరిశీలించుట విధానం కాదు," అన్నారాయన తెర మీంచి చూపు తిప్పకుండా. "విచారణలో ఉన్న యంత్రము మీద పోటీ ఎటూ ఆడరాదు. కావలెనన్న వచ్చే ఏటి పోటీకి నీ పేరును సానుభూతితో పరిశీలించమని రాస్తాను."

"వచ్చే ఏటికి దాని వేళ్ళు రొయ్యలు ఒలిచి ఒలిచి పాసిపోతాయి బాబుగారూ," అంది రాజ్యం. తాడు అవతల నుంచే అంది. ఆ పూటకి ప్రవేశం అయిపోయింది.

విశ్వపతి గారు ఒక గుర్రానికి గడ్డి వేశారు.

ఇరవై ఏడు సాయంత్రం మాణిక్యాంబ గారు రిజిస్టరు మూస్తూ, ఎవరితోనో కాదు, కాగితాలతో అన్నట్టు, "పన్నెండు నిండాయి," అన్నారు. నీలవేణి ఆవిడ వంక చూసింది. ఆవిడ చూడలేదు. పెన్ను మూత పెట్టుకుని వెళ్ళిపోయారు.

ఇరవై ఎనిమిదిన పదిన్నరకి సంఘం వచ్చింది. విశ్వపతి గారు ఆ రోజు చాలా జాగ్రత్తగా ఉన్నారు. గుర్రాలు చుట్టూ చేరినా పెదవులు బిగించుకుని, చెంపలు లోపలికి పీల్చుకుని కూర్చున్నారు. పదకొండున్నర దాకా ఏమీ జరగలేదు. అప్పుడు నీలవేణి తన హెడ్‌ఫోన్ తెచ్చి ఆయన ముందు పెట్టింది. దానికి చిన్న మైకు ఉంది.

"పేరు పెట్టి పిలిస్తే వస్తాయి సార్," అంది.

ఆయన అనుమానంగా చూశారు. "ఎవరు?"

"గుర్రాలు సార్. మీరు పెట్టిన పేర్లే."

ఈ సంగతి ఆ పిల్లకి ఇరవై ఒకటి నుంచీ తెలుసు. చెప్పలేదు. విశ్వపతి గారు మైకు నోటి దగ్గరికి లాక్కున్నారు. గొంతు సవరించుకున్నారు. ముప్ఫై ఏళ్ళుగా "తదుపరి", "నెక్స్ట్" తప్ప ఇంకో పిలుపు ఎరగని గొంతుతో మెల్లిగా, "చుక్కమ్మా," అన్నారు.

ఆవరణ చివర్న నుదుట తెల్లచుక్క ఉన్న గుర్రం గడ్డి తినడం ఆపి తలెత్తింది. సకిలించింది. పరుగెత్తుకుంటూ వచ్చి తెర నిండా ముఖం పెట్టింది.

ఆయన పళ్ళు పైవరస, కిందివరస, బంగారం కట్టించిన దవడపన్నుతో సహా కనిపించాయి.

మాణిక్యాంబ గారు గడియారం చూసి రాశారు. రిజిస్టరు ఆయన వైపు తిప్పారు.

"పదమూడోది సార్. మీ సెలవులు నిన్నటితో అయిపోయాయి. ఇక ఇది అనుమతి లేని గైర్హాజరు కిందికి వస్తుంది."

"నేనిక్కడే కూర్చుని ఉన్నాను కదమ్మా?"

"ఉన్నారు సార్. గైర్హాజరై ఉన్నారు."

ఆయన ఉత్తర్వు అడిగి తీసుకున్నారు. రెండుసార్లు చదివారు. చదివేకొద్దీ అందులో ఎంత చక్కటి భాష ఉందో, తప్పించుకోవడానికి అందులో ఎంత తక్కువ సందు ఉందో ఆయనకే బాగా తెలిసినట్టుంది. అధ్యక్షులు గైర్హాజరైతే సభ్యులే బాధ్యతలు స్వీకరించాలని చివరి పేరాలో ఉంది. ఆయన కుర్చీలోంచి లేచారు. తాడు లోపల అనధికార వ్యక్తులు ఉండకూడదు కాబట్టి, ఎవరూ చెప్పకుండానే వంగి తాడు కిందనుంచి ఇవతలికి వచ్చారు.

"ఎండలో ఎక్కడికి పోతారు బాబుగారూ, కూర్చోండి," అని రాజ్యం స్టూలు వేసింది. మజ్జిగ ఇచ్చింది. ఆయన గ్లాసు వంక చూసి, ఇప్పుడు తాగొచ్చునని గుర్తొచ్చి, తాగారు.

మాణిక్యాంబ గారు కొంగు బొడ్లో దోపి కంప్యూటరు ముందు కూర్చున్నారు. అంతవరకూ ఆవిడ మౌసు ముట్టుకుని ఎరగరు. కానీ పదిహేను పని దినాలపాటు ఒక మనిషి చేసిన ప్రతి తప్పునీ టైముతో సహా రాసుకున్న మనిషి. కందకంలో మూడుసార్లే పడ్డారు. రెండో ద్వారం దగ్గర కాస్త తడబడ్డారు. రెండూ ముప్పావుకి మూడో ద్వారం ముందున్నారు. గుర్రాలు వెంటపడ్డాయి. ఆవిడ వెనక్కి తిరగలేదు. స్టూలు మీద నుంచి, "చుక్కమ్మకి గడ్డి..." అని సన్నగా వినిపించింది. ఆవిడ తలుపు తోశారు.

పొగ వచ్చింది. తెర నిండింది. నల్లబడింది. ఫ్యాను రయ్యిమంది. చిన్న వాక్యం వచ్చింది.

ఆవిడ టైము చూసి రాసి, సంతకం పెట్టారు. "లోపము ప్రత్యక్షమైనది." తరవాత కళ్ళజోడు మీంచి నీలవేణిని చూసి అడిగారు. "ఇప్పుడేం చెయ్యాలమ్మా?"

నెల మొత్తం మీద ఆ ప్రశ్న అడిగిన అధికారి ఆవిడే. నీలవేణి చెప్పింది. కొత్త డ్రైవరుని మొదలంటా తీసెయ్యాలి, తునకలు మిగలకుండా. పాతదాన్ని ఎక్కించాలి. మళ్ళీ తనంతట తాను మారకుండా కట్టెయ్యాలి. చెయ్యమన్నారు. పది నిమిషాలు అనుకున్నది పన్నెండు పట్టింది. పొగలోకి వెళ్ళి చూసింది. పొగ తెల్లగా, మెత్తగా, పక్కకి తొలిగింది.

మాణిక్యాంబ గారు ఉత్తర్వు ఇంకోసారి తిరగేసి ఒకచోట వేలు పెట్టి ఆగారు. మరమ్మతైన యంత్రాన్ని అధికారి తన చేతులతో పదిహేను రోజులు పరీక్షించాకే ఫిర్యాదుదారుకి అప్పగించాలట. నీలవేణి గడియారం చూసింది. నాలుగు కావడానికి ఇంకా ముప్పావుగంట ఉంది.

మాణిక్యాంబ గారు ఆ కాగితాన్ని మడిచి రిజిస్టరులో పెట్టేశారు.

"ఆ నిబంధన నాకు రేపు పదిన్నరకి గుర్తొస్తుంది," అని, తాడు ముడి విప్పి, బియ్యం డబ్బా మీద చుట్టపెట్టారు.

నాలుగింటికి పోటీ మొదలైంది. కందకం దగ్గర నీలవేణి పదహారు మందిలో పదకొండోది. రెండో ద్వారానికి ఎనిమిదోది. రోజూ ఒకే మనిషికి నేర్పీ నేర్పీ ప్రతి అడుగూ ఎక్కడ జారుతుందో ఆ పిల్లకి కంఠతా వచ్చేసింది. మూడో ద్వారం తెరుచుకుంది. పొగ కమ్మింది. రాజ్యం కళ్ళు మూసుకుంది. తెర నల్లబడలేదు. పొగ లోపల మిగతావాళ్ళు దారి వెతుక్కుంటుంటే, పదిహేడు సాయంత్రాలు దాని ముందు ఆగిపోయిన పిల్ల ఈసారి ఆగకుండా నడిచిపోయింది. నాలుగో ద్వారం. మెట్లు. పైన నీలంగా ఆకాశం, కింద నది, అవతలి ఒడ్డున పచ్చిక మీద గుర్రాల మందలు, లెక్కపెట్టలేనన్ని. జెండా ఎగిరింది. నిమిషం తరవాత పేర్ల పట్టిక వచ్చింది. నీలవేణి పేరు మూడోది.

రాజ్యం కూతురి తల పట్టుకుని నిలబడింది. మాణిక్యాంబ గారు ముక్కు తుడుచుకున్నారు.

విశ్వపతి గారు స్టూలు మీంచి లేచి, తెర దగ్గరికి వచ్చి, అవతలి ఒడ్డున మేస్తున్న మందలని చూస్తున్నారు. చూస్తూ చూస్తూ నోరంతా తెరిచి నవ్వారు. నవ్వి, అలవాటు కొద్దీ మాణిక్యాంబ గారి వైపు తిరిగారు.

రిజిస్టరు మూసి ఉంది. పెన్నుకి మూత ఉంది. ఆవిడ రాజ్యం భుజం తడుతూ ఏదో చెబుతున్నారు.

ఆయన కాసేపు అలాగే, నవ్వు ఏం చెయ్యాలో తెలీనట్టు నిలబడ్డారు. నాలుగూ ముప్పావు అయింది. తరవాత కారియర్ తీసుకుని, గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుని, ఐదు కొట్టకముందే వెళ్ళిపోయారు.